గుడ్డకి రెండో కొస

మార్చి 4

ఒరేయ్ మేనల్లుడూ,

క్షేమ సమాచారాలు తరవాత. ముందు మీ అమ్మ సంగతి తేల్చాలి. నిన్న ఫోన్ చేసి ఏడ్చింది. ఎవరికేమయిందోనని నా గుండె జారిపోయింది. తీరా చూస్తే ఆవిడ చెప్పింది ఇదీ: "వాడు ఇంట్లో కూచుని కొబ్బరికాయ తురుముతున్నాడట వదినా. పెళ్ళానికి పాలు తీస్తున్నాడట."

"చెయ్యి గానీ తెగిందా?" అన్నాను.

"చెయ్యి కాదు, పరువు తెగింది" అంది.

ఒళ్ళు మండిపోయింది నాకు. నువ్వు పుట్టిన దగ్గర్నుంచి ఆవిడ తురిమిన కొబ్బరంతా ఒకచోట పోస్తే మీ మేడ మెట్లు మునుగుతాయి. అప్పుడెవరి పరువూ తెగలేదు, ఎవరూ ఫోన్ చేసి ఏడవలేదు. ఈ మాటే ఆవిడతో అన్నాను. "నీకన్నీ వాదనలే" అని పెట్టేసింది. లోకంలో మగవాడి చెయ్యి గరిటకి తగిలితే ముందు గగ్గోలు పెట్టేది ఆ గరిట పట్టుకుని అరిగిపోయిన ఆడదే. అదీ నా కడుపుమంట. ఆవిడ మీద కాదు, ఆవిడ చేత అలా ఏడిపించే ఏర్పాటు మీద.

నీతో ఫోన్లో మాట్లాడి లాభం లేదు. నేను పది మాటలంటే నువ్వొక 'ఊఁ' అంటావు. అందుకే ఉత్తరం. నువ్వూ ఉత్తరమే రాయాలి. సిద్ధాంతాలు నా దగ్గర బస్తాల కొద్దీ ఉన్నాయి, అవి అక్కర్లేదు. కాయ కొనడం దగ్గర్నుంచి ఏం చేస్తావో రాయి. ప్యాకెట్టు పాలు దొరుకుతుంటే ఇంట్లో ఎందుకు తీస్తున్నావో కూడా రాయి. ఎవరైనా ఎగతాళి చేస్తే వాళ్ళ అడ్రసు జతచెయ్యి.

మా మహిళా సంఘం పత్రిక ఎప్పట్లాగే ఆలస్యం. ప్రెస్సాయన నా వ్యాసాల్లో కామాలు పీకేస్తున్నాడు. చదివేవాళ్ళని ఊపిరి తీసుకోనివ్వవా అని దెబ్బలాడాను. "మాట్లాడేటప్పుడు మీరు తీసుకోనిస్తారా అమ్మా" అన్నాడు. కూలి పెంచమని అడగడానికి కూడా నోరు లేని మనిషి, నా మీద మాత్రం నోరు లేస్తుంది.

కోడలికి నా ముద్దులు. బస్సుల బ్రేకులు బాగుచేసే కోడలున్న మేనత్త ఈ వీధిలో నేనొక్కదాన్నే.

ఇట్లు,
కోర్టు మెట్లెక్కకుండానే మీ నాన్న చేత ఆ పేరు పెట్టించుకున్న
ప్లీడరత్త


మార్చి 15

ప్లీడరత్తకి,

కవరు మీద నూనె మరకలకి ఏమీ అనుకోకు. నీ ఉత్తరం వచ్చినప్పుడు నా చేతులు కొబ్బరిలో ఉన్నాయి, ఇప్పుడూ ఉన్నాయి.

నీ కోడలికి మామూలు పాలు పడవు. తాగితే కడుపులో మెలిపెడుతుంది. గ్యారేజీలో బస్సు కింద వెల్లకిలా పడుకుని పనిచేసే మనిషికి కడుపునొప్పి వస్తే ఎలా ఉంటుందో ఆలోచించు. కొన్నాళ్ళు ప్యాకెట్టు కొబ్బరిపాలు తెచ్చాం. టీలో పోస్తే గోడకి వేసే సున్నంలా తయారయింది. తను ఒక గుక్క తాగి, "ఇది కొబ్బరి కాదు, కొబ్బరి ఫొటో" అంది. అప్పట్నుంచి ఇంట్లోనే.

కాయని చెవి దగ్గర పెట్టి ఊపుతాను. లోపల నీళ్ళు కదలాలి, చేతికి బరువు తెలియాలి, కళ్ళ దగ్గర తడి ఉండకూడదు. కాయలమ్మే ఆవిడ "ఏమంటోంది బాబూ?" అని అడుగుతుంది. "ఇంకో కాయని చూడమంటోంది" అంటాను. పగలగొట్టాక పెంకు వైపు సన్నటి సెగ చూపిస్తే కొబ్బరి దానంతటదే పట్టు వదిలేస్తుంది. వెనకున్న ముదురు రంగు పొట్టు చెక్కేస్తాను. అది ఉన్నా తప్పులేదుగానీ పాలు మసకబారతాయి. కళ్ళద్దాల షాపులో అద్దాలు అరగదీసిన చేతులు కదా, మసక చూస్తే ఊరుకోవు.

మిక్సీలో వేసి చూశాను. వేడెక్కింది, మెత్తని పిప్పంతా పాలతోపాటు గుడ్డలోంచి దిగిపోయింది. తురుముపీటే నయం. మొదట్లో కొబ్బరితోపాటు వేళ్ళు కూడా తురుముకున్నాను. ఇప్పుడు ఎంత ఒత్తాలో తెలిసింది. తురుములో గోరువెచ్చటి నీళ్ళు కొంచెమే పోసి పిసకాలి. మరీ వేడయితే పాలకి ఉడుకువాసన వస్తుంది, చల్లవయితే కొబ్బరి బిగుసుకుని ఏమీ ఇవ్వదు. పిసగ్గా పిసగ్గా ఒక దగ్గర తురుము మెత్తబడిపోయి వేళ్ళ సందుల్లోంచి తెల్లగా కారుతుంది. అది చూడాలత్తా. కాయ అంత గట్టిది, దాన్లోంచి ఇంత మెత్తనిది.

తరవాత పిండడం. అసలు పని అదే, దాని గురించి రాయాలంటే ఇంకో ఉత్తరం కావాలి. గుడ్డలో మూట కట్టి, తను డ్యూటీ దిగి వచ్చేదాకా ఆగుతాను. మెట్ల మీద బూట్ల చప్పుడు వినగానే గిన్నె తెచ్చి నేల మీద పెడతాను. మొదట పిండినవి చిక్కటివి, టీకి. మళ్ళీ నీళ్ళు పోసి పిండినవి పల్చటివి, అన్నం వండడానికి. ఏవైనా తెర్లనివ్వకూడదు, విరుగుతాయి. పిప్పి తను చేతులకి రుద్దుకుంటుంది. సబ్బుకి లొంగని గ్రీజు కొబ్బరి పిప్పికి లొంగుతుంది.

ఈమధ్య ఇంట్లోనే ఉంటున్నాను కాబట్టి ఇదంతా తీరిగ్గా సాగుతోంది. అమ్మకి నువ్వే నచ్చచెప్పు. నా 'ఊఁ' తో ఆవిడ దగ్గర కూడా పని జరగదు.

నీ మేనల్లుడు


మార్చి 27

నా బంగారు మేనల్లుడూ,

నీ ఉత్తరం సంఘం ఆఫీసులో పైకి చదివాను. కుట్టుమిషన్ల దగ్గర కూచున్నవాళ్ళు మిషన్లు ఆపి విన్నారు. 'మెట్ల మీద బూట్ల చప్పుడు' దగ్గర ఒకావిడ కళ్ళు తుడుచుకుంది. "మా ఇంట్లో మెట్లెక్కి వచ్చేదీ నేనే, వచ్చి గిన్నె పెట్టుకునేదీ నేనే" అంది.

నువ్వు ఎంత పని చేశావో నీకు తెలియదు, అదే నీలో గొప్ప. ఉపన్యాసాలిచ్చే మగవాళ్ళని నా జన్మకి సరిపడా చూశాను. స్త్రీ విముక్తి మీద గంటసేపు మాట్లాడి, ఇంటికెళ్ళి, మంచినీళ్ళ గ్లాసు కోసం పక్కగదిలోకి కేకేసేవాళ్ళు. నువ్వు ఒక్క ముక్క మాట్లాడలేదు. ఉద్యోగం వదిలి ఇంట్లో కూచున్నావు, భార్య ఉద్యోగాన్ని నిలబెట్టావు. 'ఈమధ్య ఇంట్లోనే ఉంటున్నాను' అని ఒక్క ముక్కలో తేల్చేశావు. నేను పట్టేశాను.

పట్టేసి ఊరుకుంటానా? వ్యాసం రాసేశాను. 'తురుముపీట ఎక్కిన మగవాడు' అని పేరు. పేర్లేమీ రాయలేదు, భయపడకు. 'బస్సుల బ్రేకులు బాగుచేసే భార్య కోసం కొలువు వదులుకున్న ఒక భర్త' అన్నానంతే. చివర్న ఇలా ముగించాను: 'ఆమె అలసి వచ్చి కూర్చుంటుంది. అతను పిండి ఇచ్చిన పాలు తాగుతుంది. ఈ దృశ్యం ఇంటింటా కనిపించిన రోజున మా సంఘానికి తాళం వేసి, తాళంచెవి పారేస్తాం.' ప్రెస్సాయన ఒక్క కామా కూడా తీయలేదు.

కోడలి గ్యారేజీ యూనియన్ ఆఫీసుకి పది కాపీలు పంపించాను. ఆ మగవాళ్ళంతా చదవాలి, చదివి సిగ్గుపడాలి. అందులో ఒక్కడు తురుముపీట కొన్నా మన గెలుపే.

పిండడం గురించి ఇంకో ఉత్తరం కావాలన్నావు. రాయి మరి, రెండో భాగం వేస్తాను.

గర్వంతో,
ప్లీడరత్త


ఏప్రిల్ 9

అత్తా,

పత్రిక గ్యారేజీకి చేరింది. ఇక పంపకు. రెండో భాగం రాయకు.

తను నాతో మాట్లాడ్డం లేదు. కావాలంటే ఉప్పు అడుగుతుంది, అంతే. వారం నుంచి మా ఇంట్లో పాలు లేని టీ. కొబ్బరికాయ కొన్నది కొన్నట్టే అలమరలో ఉంది.

తరవాత రాస్తాను.

నీ మేనల్లుడు


ఏప్రిల్ 16

ఒరేయ్,

ఇది ఉత్తరమా, టెలిగ్రామా? తరవాత రాస్తానన్నవాడివి రాయలేదు. కాబట్టి నాకు అర్థమైనంతవరకు రాస్తాను, తప్పయితే దిద్దు.

కోడలికి సిగ్గేసింది. అంతేనా? మొగుడు వంటింట్లో ఉంటాడని పదిమందికీ తెలిసేసరికి తలకొట్టేసినట్టయింది. నాకిది కొత్త కాదు. మా సంఘంలోనే ఉంది ఒకావిడ, మొగుడు బట్టలుతికితే పక్కింటివాళ్ళకి కనపడకుండా తలుపేస్తుంది. బస్సు కింద దూరడానికి లేని సిగ్గు భర్త కొబ్బరి తురిమితే ఎందుకు? ఒకపక్క మగవాడి పని లాక్కుంటాం, మరోపక్క ఆడదాని పని మగవాడు చేస్తే దాచుకుంటాం. ఈ రెండు నాలుకల ధోరణి మీదే నా యుద్ధం. నాకు చాలా నచ్చిన పిల్ల కాబట్టి చెప్తున్నాను, ఎవరో అయితే ఇంత దూరం రాయను. ఈ ఉత్తరం తనకి చూపించు. చూపించే ధైర్యం లేకపోతే బల్ల మీద పెట్టి మరిచిపో.

కొబ్బరికాయ అలమరలో ఎంతకాలం ఉంటుంది? కుళ్ళుతుంది. మనుషులు మాట్లాడుకోకపోయినా అంతే.

ప్లీడరత్త


ఏప్రిల్ 28

అత్తా,

బల్ల మీద పెట్టలేదు, చేతికే ఇచ్చాను. చదివి, మడిచి, నా జేబులో పెట్టి, గ్యారేజీకి వెళ్ళిపోయింది. సాయంత్రం వచ్చి, "రాయడానికి నాకో కాగితం ఇవ్వు" అంది. ఇన్నాళ్ళకి ఉప్పు కాకుండా ఇంకోటి అడిగింది. ఆ కాగితం ఇందులో ఉంది. దానికంటే ముందు నేను చెప్పాల్సినవి రెండున్నాయి.

మొదటిది. నేను ఉద్యోగం వదల్లేదు. షాపు మూతపడింది. ఓనరు అమ్మేశాడు, కొన్నవాళ్ళు ఇకమీద అద్దాలు పైఊరి నుంచి మిషన్లో తయారై వస్తాయన్నారు. పని వెతుక్కుంటున్నాను. నీకెందుకు చెప్పలేదంటే, నువ్వు జెండా పట్టుకుని ఆ షాపు మెట్ల మీద కూచుంటావు. నాకు జాలి వద్దు, ధర్నా వద్దు. అందుకని 'ఇంట్లో ఉంటున్నాను' అని రాసి ఊరుకున్నాను. నువ్వు దాన్ని త్యాగం చేసేశావు.

రెండోది, పిండడం. అది ఒక్కడి వల్ల కాదు. పొడుగాటి నూలుగుడ్డలో మధ్యన తురుము పెట్టి, ఒక కొస నేను, ఒక కొస తను పట్టుకుని, నేనటు తను ఇటు మెలితిప్పుతాం. కింద గిన్నె. నా వైపు పట్టు జారుతుంది, తన వైపు ఎప్పుడూ జారదు. రోజంతా నట్లు బిగించిన పిడికిలి కదా. తను చివరి మెలిక వేస్తే అంతదాకా చుక్కచుక్కగా పడిన పాలు ధారకడతాయి. అప్పుడే ఆ రోజు సంగతులన్నీ చెప్పుకుంటాం. ఏ బస్సు ఎందుకు కీచుమందో, నన్ను ఏ షాపువాడు రేపు రమ్మన్నాడో. డ్యూటీ దిగేదాకా ఆగేది తాగించడానికి కాదత్తా, తను లేకపోతే పాలే లేవు.

నీ వ్యాసం వచ్చిన రోజు గుడ్డ ఇవ్వబోతే, "నువ్వే పిండి ఇస్తావటగా, పిండు" అంది. ఒక కొస కిటికీ ఊచకి కట్టి మెలితిప్పాను. ఊచ దగ్గర ముడి ఊడింది. పాలు గోడ మీద కొన్ని, నా మొహం మీద కొన్ని. కింది వాటా ఆయన పైకొచ్చి "ఏం పడింది?" అన్నాడు. "కొబ్బరిపాలండీ" అన్నాను. నన్ను చూసి నమ్మి వెళ్ళిపోయాడు. తను నవ్వలేదు. అప్పుడు భయమేసింది నాకు.

నీ మేనల్లుడు

(తను రాసింది:)

అత్తయ్యగారికి నమస్కారం.

మీ ఉత్తరం చదివాను. నాకు సిగ్గన్నారు. ఈయన వండడం నాకు సిగ్గయితే ఈయన కట్టిచ్చిన అన్నం డబ్బా గ్యారేజీలో అందరి ముందూ మూత తీసి తినను. నాకున్నది సిగ్గు కాదు, కోపం.

మీ వ్యాసంలో ఈయన ఉన్నారు, కొబ్బరి ఉంది, మీ సంఘం ఉంది. నేను తాగే నోరుగా ఉన్నాను. నా పని గురించి ఒక ముక్క రాశారు, అది కూడా ఈయనెంత వదులుకున్నారో చెప్పడానికి. మా అత్తగారు ఇన్నేళ్ళు తురిమితే మీ పత్రికలో ఎప్పుడైనా వేశారా? ఈయన కొన్ని నెలలు తురిమితే దండ వేశారు.

ఆ గ్యారేజీలో ఆడమనిషిని నేనొక్కదాన్నే. 'స్పానరందించు' దగ్గర్నుంచి 'ఈ చప్పుడేంటో నువ్వొకసారి విను' దాకా నేనే తెచ్చుకున్నాను, ఎవరూ ఇవ్వలేదు. మీ కాపీలు వచ్చిన మధ్యాహ్నం ఒకడు బల్లెక్కి పైకి చదివాడు. "మొగుడి ఉద్యోగం మాన్పించి కొబ్బరి కోరిస్తోందిరా" అన్నాడు. ఇప్పుడు నేను బస్సు కిందినుంచి బయటికి వస్తే, "మేడమ్‌కి పాలు తెండిరా" అంటున్నారు.

షాపు పోయిన రోజు ఈయన ఇంటికొచ్చి బూట్లు విప్పకుండా కూచున్నారు. ఎవరికీ చెప్పొద్దన్నారు, చెప్పలేదు. ఇప్పుడు నిజం చెప్తే ఈయన తల దించుకోవాలి, చెప్పకపోతే నేను. ఈయన తల దించుకోవడం నాకు ఇష్టం లేదు. అలాగని రోజూ ఈయన మొహం చూస్తూ మామూలుగా కబుర్లు చెప్పడం కూడా చేతకావడం లేదు. మీరు పెద్దవారు, మాటలు తెలిసినవారు. దీనికేదైనా మాట ఉంటే చెప్పండి.

మీ కోడలు


మే 7

అమ్మాయ్, ఒరేయ్, ఇద్దరికీ కలిపి,

అమ్మాయ్, ముందు నీకు. నన్ను ఉతికి ఆరేశావు. ప్రత్యర్థులు నా మీద కరపత్రాలు వేశారు, ఇంత బాగా ఒక్కరూ రాయలేదు. 'తాగే నోరుగా ఉన్నాను' అన్న ముక్క దగ్గర కాగితం కింద పెట్టి లేచి వీధిలోకి వెళ్ళాను. మీ అత్తగారి కొబ్బరి గురించి నువ్వన్నది నిజమే. ఆవిడకి నేను ఫోన్లో ఉపన్యాసం ఇచ్చానే తప్ప ఒక వాక్యం రాయలేదు. నీ పిడికిలి గురించి వీడు రాసింది చదువుతుంటే, ఆ గుడ్డ పక్కన కూచుని చూడాలనిపించింది. వ్యాసం కోసం కాదు, ఊరికే.

నువ్వడిగిన మాట నా దగ్గర లేదు. వీడి దగ్గర ఉంది.

ఒరేయ్, ఇప్పుడు నీకు. షాపు మూతపడితే తల నువ్వెందుకు దించుకోవాలి? అమ్ముకున్నవాడు దించుకున్నాడా? కొన్నవాడు దించుకున్నాడా? ఇన్నేళ్ళు పదిమంది కళ్ళకి లోకం సరిగ్గా కనపడేలా చేసినవాణ్ణి ఒక పూటలో ఇంటికి పంపితే, అది నీకు పరువు తక్కువట, దాచుకోవాలట. పని పోయిన ప్రతివాడూ ఇలాగే తలుపేసుకుంటాడు, అందుకే పని పీకేవాడికి ఏ భయమూ లేదు. ఇది సిద్ధాంతం అంటావు. కాదు, మీ ఇల్లే. నువ్వు దాచుకున్నది ఆ పిల్ల మోస్తోంది, అదీ బల్లలెక్కి చదివేవాళ్ళ మధ్యన. నేను రాసింది అబద్ధమని అచ్చు వెయ్యాలంటే నీ షాపు సంగతి చెప్పాలి. నీ అనుమతి లేకుండా వెయ్యను. ఒకసారి అడక్కుండా వేసి చూశాంగా.

వెయ్యదలిచింది ఇది: 'క్రితం సంచిక వ్యాసంలో రాసిన భర్త ఉద్యోగం వదులుకోలేదు, అతను పనిచేసే షాపు మూతపడింది. పాలు పిండడంలో అతనికి భార్య కూడా సాయపడుతుంది. ఇద్దర్నీ అడగకుండా రాసినందుకు పత్రిక ఇద్దర్నీ క్షమాపణ కోరుతోంది.'

ఇద్దరూ చదివి సరే అంటేనే ప్రెస్సుకి వెళ్తుంది. లేకపోతే నా నోరు, నా కలం, రెండూ కట్టేసుకుంటాను. ఎంత కష్టమో మీ నాన్నని అడుగు.

ప్లీడరత్త


మే 19

అత్తా,

నీ ఉత్తరం తనకంటే ముందు నేను చూశాను. చదివాక ఇంట్లో కూచోలేకపోయాను. అన్నం డబ్బా పట్టుకుని మధ్యాహ్నం గ్యారేజీకి వెళ్ళాను. ఇంతకుముందెప్పుడూ వెళ్ళలేదు.

తను బస్సు కింద ఉంది. బయటికి బూట్లే కనపడుతున్నాయి. బల్ల దగ్గర తింటున్నవాళ్ళలో ఒకడు నన్ను గుర్తుపట్టి, "రండి, రండి, గ్లాసులు తెచ్చారా?" అన్నాడు. అందరూ నవ్వారు. నా చేతిలో డబ్బా గిన్నెలు చప్పుడు చేస్తున్నాయత్తా. అయినా అనేశాను. "నన్ను ఉద్యోగం ఎవరూ మాన్పించలేదండీ. కళ్ళద్దాల షాపులో చేసేవాణ్ణి, అది మూసేశారు. పని వెతుక్కుంటున్నాను. చెప్పుకోలేక ఈవిడని మాటలు పడనిచ్చాను. పాలు నేను తీసి ఇవ్వడం కూడా అబద్ధం. నేను తురుముతాను, ఇద్దరం పిండుతాం. ఈవిడ పట్టు లేకపోతే చుక్క రాదు."

బల్లెక్కి చదివింది ఆ గ్లాసులడిగినవాడే అనుకుంటా, అన్నంలో చెయ్యి పెట్టుకుని అలాగే ఉండిపోయాడు. చివరికి పెద్ద మెకానిక్ తన కళ్ళజోడు తీసి, "ఏ షాపు? మూలమీద ఉండేదేనా? ఇది అక్కడ చేయించిందే" అని నాకిచ్చాడు. వెలుగుకి పెట్టి చూశాను. అంచు నేను అరగదీసిందే. చెప్పాను. "తలనొప్పి పోయింది దీంతో" అన్నాడు. జరిగి, బల్ల మీద నాకు చోటిచ్చాడు.

తను అప్పటికే బయటికొచ్చి చక్రానికి ఆనుకుని నుంచుంది. ఎంతసేపట్నుంచి వింటోందో తెలియదు. డబ్బా తీసుకుంది. "పప్పు ఒలికింది" అంది. నేను వచ్చేశాను.

సాయంత్రం ఇంటికొచ్చి బల్ల మీదున్న నీ ఉత్తరం చదివింది. నేను పొద్దున్న కొన్న కాయ తురిమి, పిసికి, గుడ్డలో పెట్టి ఉంచాను. అడగలేదు. అడిగే ధైర్యం లేదు. తను నీ సవరణ మళ్ళీ చదివింది, మొహం ఎర్రబడింది.

"సాయపడుతుందట" అంది. "ఎవరి పనికి ఎవరు సాయం? కొబ్బరిపాలు తాగేది నేను, పిండేది నేను, సాయం కూడా నేనేనా? రెండు వైపులా తిప్పితే గానీ రాని దాంట్లో ఒకడిది పని, ఒకరిది సాయమా? మీ అత్త ఇన్నేళ్ళుగా ఏం పోరాడుతోంది? పట్టుకో."

పట్టుకోమన్నది గుడ్డని. ఎప్పుడు అందుకుందో అందుకుంది, అప్పటికే తన కొస చేతికి చుట్టేసుకుంది.

నన్ను తిడుతూ మెలితిప్పింది. షాపు సంగతి దాచినందుకు, దాచమని తనచేత ఒట్టు పెట్టించుకున్నందుకు, గ్యారేజీకి చెప్పకుండా వచ్చినందుకు, వచ్చినవాణ్ణి ఇంకా ముందే రానందుకు. తరవాత నిన్ను. తరవాత బల్లెక్కినవాణ్ణి. మధ్యలో, "వాడు ఈరోజు నన్ను అందించమనకుండా స్పానరు తనే తీసుకున్నాడు" అని నవ్వింది. అంత చిక్కటి పాలు మా గిన్నెలో ఎప్పుడూ పడలేదు. కోపంగా పిండితే ఎక్కువ వస్తాయని చెప్పను. తిట్లు విన్నాక నాకే అలా అనిపించిందేమో.

సవరణ వేసుకో. షాపు సంగతి ఉండనీ. 'సాయం' తీసెయ్యి. దాని బదులు ఏం పెట్టాలో నాకు తెలియదు, నాకు చెప్పకుండా తనే నీకు రాస్తానంటోంది. తను రాసింది బాగోకపోతే దెబ్బలాడు. అది కావాలి తనకి. ఈసారి నీ జవాబు తన పేరు మీద రాయి, కవరు నేను విప్పను.

మేము బాగున్నాం.

నీ మేనల్లుడు